బెర్నార్డ్ ఫోన్ నంబరు

"ఉతకడానికి వేసేముందు జేబులు చూడు తమ్సిన్, పాసు ప్యాంటులో ఉండిపోయిందేమో!" అని మేడమీంచి కేకేశాడు డంకన్.

చూడకుండా ఏనాడు వేశాను గనక. ఆదివారం సాయంత్రం వంటింట్లో వాషింగ్ మెషీన్ ముందు మోకాళ్ళమీద కూర్చుని తెల్లవి ఒక కుప్ప, రంగువి ఒక కుప్ప వేస్తున్నాను. నా మొగుడి జేబుల సంగతి అతనికన్నా నాకే బాగా తెలుసు. ఆఫీసు పాసు ఉంది. నీలం తాడు, దాని చివర ప్లాస్టిక్ ముక్క, అందులో నవ్వీ నవ్వనట్టున్న అతని మొహం. చెయ్యి జీన్స్‌కి తుడుచుకుని పట్టుకున్నాను. ఎవరూ చూడటం లేదు కదా అని మెడలో వేసుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడే మా ఓవెన్ బిస్కెట్ కోసం వచ్చి, "అమ్మా, అది నాన్నది" అన్నాడు. గబుక్కున తీసేశాను. ఏడేళ్ళవాడి ముందు దొంగలా దొరికిపోయానని చెవులు వేడెక్కాయి.

నిజం చెప్పేస్తాను. నాకు కుళ్ళు. పక్కింటావిడ గులాబీల మీద కాదు, స్నేహితురాలి నడుము మీద కాదు, కట్టుకున్నవాడి మీద కుళ్ళు. పొద్దున్నే రెండు చేతులూ ఊపుకుంటూ గేటు దాటతాడే, ఆ ఊపు మీద కుళ్ళు. క్యాంటీన్‌లో ఎవరో వండి ఎవరో వడ్డించిన వేడి పుడ్డింగు బాగా కుదరలేదని వచ్చి చెప్తాడే, ఆ కుదరని పుడ్డింగు మీద కుళ్ళు. ఇవాళ పనిలో ఏం జరిగిందని అడిగితే "చెప్పకూడదు" అంటాడు చూడండి, చెప్పకూడనిదంటూ ఒకటి అతని దగ్గర ఉందే, దాని మీద మరీ కుళ్ళు. నా రోజులో చెప్పకూడనిది ఏమీ లేదు. వినేవాళ్ళు లేరు, అంతే.

అసలు అలాంటి పాసు ముందు నా మెడలో ఉండేది. మా ఊరు మాల్వెర్న్‌లో పుట్టినవాళ్ళకి కంచె గురించి వేరే చెప్పనక్కర్లేదు. కొండ కింద ఆ కంచె, దాని వెనక రక్షణశాఖవాళ్ళ రాడార్ బిల్డింగులు, ఊళ్ళో సగం మంది అక్కడే పని. ఏం చేస్తుంటారని ఇక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు. "లోపల" అంటే చాలు, మాట మార్చేస్తారు. నేనూ పదకొండేళ్ళు లోపలే ఉన్నాను. రాడార్ తెర మీద కనిపించే చుక్క విమానమా, పక్షుల గుంపా అని తేల్చే ప్రోగ్రాములు సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడం నా పని. డంకన్ నా తర్వాత చేరాడు. టీ కప్పులు ఎక్కడుంటాయో అతనికి చూపించింది నేనే. నా క్లియరెన్స్, అంటే రహస్యాలు చూడటానికి సర్కారిచ్చే అనుమతి, అతనిదానికన్నా ఒక మెట్టు పైది. నేను వెళ్ళే ఒకటి రెండు గదుల్లోకి అతన్ని రానిచ్చేవాళ్ళు కాదు. తలుపు బయట నిలబడి, "లోపల ఏం దాచారో కాస్త చెప్పవూ" అనేవాడు. "చెప్తే నిన్ను కొండమీంచి తోసెయ్యాలి మరి" అనేదాన్ని. అలా నవ్వుకుంటూనే పెళ్ళి చేసుకున్నాం.

మా అమ్మాయి నెల్ పుట్టినప్పుడు సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాను. ఓవెన్‌తో కుదరలేదు. వాడికి పుట్టినప్పటినుంచీ ఉబ్బసం. ఎవరో ఒకరం ఇంట్లో ఉండాలి అనుకున్నాం. ఆ ఎవరో ఒకరు ఎవరు అన్న చర్చ మా ఇంట్లో ఎప్పుడు జరిగిందో ఎంత ఆలోచించినా గుర్తురాదు. జరిగి ఉండదు. వాడు కాస్త కోలుకున్నాక వెళ్దాంలే అనుకుని మానేశాను. నా క్లియరెన్స్ డిగ్రీ లాంటిదనుకున్నాను, సంపాదించుకున్నాను కాబట్టి నాదే అనుకున్నాను. కాదట. అది పాల సీసా మీద తారీకులాంటిది. బయటికొచ్చి ఏడాది వాడకుండా కూర్చుంటే చెల్లదు. ఆ సంగతి నాకు ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాక తెలిసింది.

ఇప్పుడు మా వైపు పర్మినెంటు ఉద్యోగాలు తక్కువ, అన్నీ కాంట్రాక్టులే. ప్రకటన చూస్తే నన్ను చూసి రాసినట్టే ఉంటుంది. రాడార్ తెలిసుండాలి, తెలుసు. పరీక్షల అనుభవం కావాలి, కావలసినంత ఉంది. చివర్లో మాత్రం ఒక వాక్యం ఉంటుంది, క్లియరెన్స్ ఇప్పటికే చెల్లుబాటులో ఉండాలని. సరే, అడిగితే పోయేదేముందని ఒక ఏజెన్సీకి ఫోన్ చేశాను.

"పదకొండేళ్ళ అనుభవమా! అబ్బ, మీలాంటివాళ్ళకోసమే వెతుకుతున్నాం మేడమ్" అన్నాడు అవతలి కుర్రాడు. "క్లియరెన్స్ ఉంది కదా?"

"ఉండేది."

"ఉండేది అంటే?"

"అంటే, నా భర్తకన్నా ఒక మెట్టు పైదే ఉండేది. పిల్లలు పుట్టాక పోయింది. మళ్ళీ తీసుకుంటాను, ఎక్కడ అప్లై చెయ్యాలో చెప్పండి."

"మీ అంతట మీరు చెయ్యలేరండీ. ఉద్యోగం ఇచ్చేవాళ్ళే మీ తరఫున అడగాలి."

"అయితే ముందు ఉద్యోగం ఇప్పించండి."

"క్లియరెన్స్ ఉంటేనే కదండీ ఉద్యోగం."

పాపం అతనికే ఇబ్బందిగా అనిపించినట్టుంది. "కాంట్రాక్టు పనంటే సోమవారం రమ్మంటే సోమవారం రావాలి కదా. వెట్టింగ్, ఆ ఆరాలన్నీ తీయడం అయ్యేసరికి నెలలు పడుతుంది. అందాకా ఎవరాగుతారు చెప్పండి? ఇందులో ఎవరి తప్పూ లేదు" అన్నాడు. ఎవరి తప్పూ కానివన్నీ చివరికి నా నెత్తినే పడటం నాకు కొత్త కాదు.

ఆ సాయంత్రం ఈ సంగతి చెప్తే డంకన్ పగలబడి నవ్వాడు. "డ్రైవింగ్ లైసెన్సు అనుకున్నావా, సొరుగులో దాచుకోడానికి?" అన్నాడు. నా మొహం చూసి నవ్వు ఆపి, బంగాళదుంపలు ఇంకొంచెం వడ్డించుకుంటూ, "అయినా ఇప్పుడు నీకెందుకు అవన్నీ? నా క్లియరెన్స్ మనిద్దరిదీ అనుకో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే నాకు ఒళ్ళు మండించింది. నా గిన్నె లాక్కుని అందులోంచి ఒక చెంచా నాకే పెట్టి, తిను, మనిద్దరిదీ అన్నట్టు.

మనిద్దరిదీ అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. దాని బరువు మోసింది నేనే కదా. కంచె లోపలికి మొబైల్ తీసుకెళ్ళకూడదు, గేటు దగ్గర లాకర్లో పెట్టి పోవాలి. నా రోజుల్లో బల్లల మీద మామూలు ఫోన్లుండేవి. కొత్త బిల్డింగులోకి మారాక అవి కూడా తీసేశారని చెప్పాడు డంకన్. "ఇల్లు తగలబడ్డా సాయంత్రం దాకా నాకు తెలియదు" అని గర్వంగా చెప్పుకునేవాడు స్నేహితుల దగ్గర. దాంతో నెల్ పళ్ళ డాక్టరు నాకే ఫోన్ చేస్తాడు. ఓవెన్ స్కూలువాళ్ళు నాకే చేస్తారు. బాయిలర్ మనిషి, కారు గ్యారేజీ, చివరికి వాళ్ళమ్మ మార్జరీ కూడా నాకే. "వాణ్ణి పనిలో కదిలించకూడదు తల్లీ, అసలే దేశానికి సంబంధించిన పని" అంటుంది మా అత్తగారు. ఆవిడ మోకాలి నొప్పి దేశానికి సంబంధించింది కాదు కాబట్టి నా వాటాకొచ్చింది.

పోయిన చలికాలం ఓవెన్‌కి స్కూల్లోనే ఊపిరాడలేదు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి అంబులెన్స్ వచ్చి ఉంది. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. వూస్టర్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారి పొడవునా డంకన్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నాను. లాకర్లో మోగుతుందని తెలుసు, అయినా ఆపలేకపోయాను. ఒక చేత్తో వాడి మొహానికి మాస్కు, ఒక చేత్తో ఫోను. సాయంత్రం పని దిగాక చూసుకుని పరుగున వచ్చాడు. అప్పటికి వాడు తేరుకుని కార్టూన్ చూస్తున్నాడు. డంకన్ నా భుజం మీద తల పెట్టి, "నాకెలా తెలుస్తుంది తమ్సిన్, నాకెలా తెలుస్తుంది" అని ఏడ్చాడు. నిజమే కదా, ఎలా తెలుస్తుంది అనుకున్నాను. పిల్లాణ్ణి వదిలి అతన్ని ఓదార్చాను. కింద మెషీన్లోంచి టీ తెచ్చి తాగించాను.

జూన్‌లో స్కూలు వేసవి జాతర జరిగింది. మిగతా తల్లులంతా ఉద్యోగాల్లో ఉంటారు కాబట్టి కేకుల బల్ల నాది. నిమ్మకాయ కేకు ముక్కలు కోస్తుంటే ఇమోజెన్ వచ్చింది. ఆఫీసు నుంచి సరాసరి వచ్చినట్టుంది, మెడలో పాసు తీసి చొక్కా జేబులో కుక్కుకుంటూ వస్తోంది. ఆ కుక్కుకోవడం చూస్తేనే నా కళ్ళు కుట్టాయి. ఇమోజెన్‌కి పని నేర్పింది నేను. మొదటి నెలల్లో ఏ తప్పు దొర్లినా నా బల్ల దగ్గరికొచ్చి ఏడుపు మొహం పెట్టేది. ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంది. కూర్చోడమేమిటి, మొత్తం జట్టుకి తనే పెద్ద. తనకీ ఇద్దరు పిల్లలే. జుట్టు కూడా నాకన్నా బాగుంది.

"తమ్సిన్! నీకోసమే చూస్తున్నా. మళ్ళీ పని వెతుకుతున్నావట కదా?" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఏజెన్సీవాళ్ళు మా దగ్గరికి పేర్లు పంపిస్తారుగా, నీ పేరు చూసి ఎగిరి గంతేశా. మాతో అయితే కుదరదు, క్లియరెన్స్ ఉన్నవాళ్ళనే తీసుకోమంటారు. కానీ లెడ్‌బరీలో ఒక చిన్న కంపెనీ ఉంది. వాళ్ళకి పాత రాడార్లు తెలిసినవాళ్ళు దొరక్క తల పట్టుకుంటున్నారు. మనిషి నచ్చితే వాళ్ళే క్లియరెన్స్‌కి స్పాన్సర్ చేసి, వెట్టింగ్ అయ్యేదాకా ఆగుతారు. నువ్వు నాకు ఎలా నేర్పావో చెప్పాను. ఫోన్ చేస్తారు, ఎత్తు."

థాంక్స్ చెప్పాను. చెప్తున్నంతసేపూ లోపల ఒకటే మంట. మేలు చేసినా కుళ్ళేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇచ్చే చెయ్యి తనది, చాచే చెయ్యి నాది అయినందుకే ఆ మంట.

ఏం మాట్లాడాలో తెలియక, "పిల్లలు ఎలా ఉన్నారు? నువ్వు లోపలుంటే వాళ్ళకి ఒంట్లో బాగోకపోతే ఎలా మరి?" అన్నాను. కాస్త పొడుద్దామనే అన్నాను, దాచడం ఎందుకు.

ఇమోజెన్ నవ్వేసింది. "ఏముంది, బెర్నార్డ్ ఉన్నాడుగా! మా ఆయన ఆయన్ని చంపుకు తింటాడు. మొన్న చీజ్ తురిమేది ఎక్కడుందో అడగడానికి ఫోన్ చేశాడు. పాపం బెర్నార్డ్ రెండు మెట్ల వరసలు ఎక్కి మీటింగులోకి వచ్చి, 'అమ్మా, మీ ఇంటి నుంచి అర్జెంటు' అన్నాడు. చీజ్ తురిమేదాని కోసం! అందరూ ఒకటే నవ్వు."

"బెర్నార్డ్ ఎవరు?"

"రిసెప్షన్‌లో ఉంటాడే, తెల్లమీసాలాయన. కొత్త బిల్డింగుకి వచ్చిన రోజే అందరికీ ఇచ్చారు కదా ఆ నంబరు, ఇంట్లో ఇవ్వమని. ఎవరింటి నుంచి ఫోనొచ్చినా ఆయనే వచ్చి పిలుస్తాడు." అప్పుడు నా మొహంలో ఏం కనిపించిందో, మాట కాస్త నెమ్మదించింది. "డంకన్‌ని ఎప్పుడూ పిలవలేదు. నేనే అనుకునేదాన్ని, అదృష్టవంతుడు, ఇల్లంటే తమ్సిన్‌ది, దానంతటదే నడుస్తుంది అని."

కేకు కోసే చాకు నా చేతిలోనే ఉంది. ఎవరో చిన్నమ్మాయి చిల్లర చాచి "నిమ్మకాయది కావాలి" అంటోంది. ముక్క తీసి కాగితంలో చుట్టి ఇచ్చాను. ఆ తర్వాత ఎన్ని ముక్కలు అమ్మానో, ఎవరితో ఏం మాట్లాడానో తెలియదు. నీలంగా మారిన చిన్న పెదాలే కళ్ళముందు కనిపిస్తున్నాయి. ఆ రోజు బెర్నార్డ్ అక్కడే ఉన్నాడు. రెండు మెట్ల వరసలు, అంతే. చీజ్ తురిమేదాని కోసం ఎక్కినవాడు నా కొడుకు కోసం ఎక్కకపోయేవాడా?

ఆ సాయంత్రం ఇంట్లో, పిల్లలు తోటలోకి వెళ్ళాక అడిగాను. డంకన్ సోఫాలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

"బెర్నార్డ్ నంబరు నాకెందుకివ్వలేదు?"

లేసు విప్పుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఎవరు చెప్పారు? ఇమోజెనా?" అన్నాడు ముందు. ఎవరు చెప్పారన్నది అప్పుడు అంత ముఖ్యమా!

"ఎవరైతేనేం. ఫోన్లు తీసేశారన్నావు."

"బల్లల మీదవి తీసేశారు, అది నిజమేగా. చూడు, ఆ నంబరు ఇస్తే ఏమవుతుందో తెలుసా? ఇమోజెన్ని చూడు, మాటిమాటికీ లేచి వెళ్తుంది, నవ్వులపాలవుతుంది. నేను అలా కాకూడదనుకున్నాను. నువ్వు ఇంట్లో ఉన్నావు కదా, అన్నీ చూసుకోగలవు. నీ మీద నమ్మకంతోనే ఇవ్వలేదు."

"ఆసుపత్రిలో నా భుజం మీద పడి ఏడ్చావు. నాకెలా తెలుస్తుందని ఏడ్చావు డంకన్."

తల దించుకున్నాడు. "అప్పుడు నిజంగానే భయమేసింది. అంతకాలం చెప్పకుండా ఉండి అప్పుడు చెప్తే నువ్వేమంటావో అని..." అన్నాడు. బూటు పక్కన పెట్టి, "పిల్లాడికి ఏం కాలేదు కదా" అన్నాడు.

ఇంకో స్త్రీ ఉందని తెలిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇంతకన్నా అదే మేలేమో అనిపించింది. ఇక్కడ ఇంకో స్త్రీ కూడా లేదు. నిశ్శబ్దంగా గడిచే ఒక మధ్యాహ్నం ఉంది, ఎవరూ పిలవని ఒక కుర్చీ ఉంది. వాటికోసం నాతో అబద్ధమాడాడు. నాకూ కావలసినవి సరిగ్గా అవే. అందుకే అతన్ని అసహ్యించుకోవడం కూడా నాకు సరిగా చేతకాలేదు, కుళ్ళుకోవడమే చేతనైంది.

లెడ్‌బరీ కంపెనీవాళ్ళు నిజంగానే ఫోన్ చేశారు. వెళ్ళాను. యాపిల్ తోటల పక్కన, పైన ఆకుపచ్చ రేకులున్న చిన్న ఆఫీసు. వాళ్ళు పెట్టిన పరీక్ష చేస్తుంటే నా వేళ్ళకి అన్నీ గుర్తున్నాయి, నేనే ఆశ్చర్యపోయాను. వెరిటీ అని నా వయసావిడే యజమాని. "పని మీదే, ఆర్నెల్ల కాంట్రాక్టు. క్లియరెన్స్ మీ పాత స్థాయిదే కావాలి, మేం స్పాన్సర్ చేస్తాం" అంది. "కానీ ఒక్క మాట. మాది చిన్న కంపెనీ. వాళ్ళు కాదంటే రెండోసారి అడగలేను, ఇంకొకరిని చూసుకోవాలి. మీరూ ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవలసిందే." ఇంకో స్పాన్సర్ నాకు ఈ జన్మలో దొరకడని ఇద్దరికీ తెలుసు.

వెట్టింగ్ కాగితాల్లో మొగుడి వివరాలు, అత్తమామల వివరాలు కూడా అడుగుతారు. మార్జరీకి ఫోన్ చేసి ఎక్కడ పుట్టారని అడిగితే గాభరా పడింది. "నేనెక్కడ పుడితే వాళ్ళకేం తల్లీ? వయసు మాత్రం చెప్పకు" అంది. విషయం చెప్పాను. "ఇద్దరూ లోపలికెళ్ళి కూర్చుంటే పిల్లల్ని ఎవరు చూస్తారు? ఆర్నెల్ల కాంట్రాక్టు కోసం ఇంత అవసరమా?" అంది. "మీ అబ్బాయికి ఈ ప్రశ్న ఎప్పుడైనా వేశారా మార్జరీ?" అన్నాను. "వాడు మగాడు కదమ్మా" అనలేదు. ఈ రోజుల్లో అలా ఎవరూ అనరు. "వాడికి అలవాటైపోయింది కదమ్మా" అంది.

ఆ పై స్థాయికి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ఆ రోజు పొద్దున్న నెల్ జడ అల్లుతుంటే డంకన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నెల్ మేడమీదికి వెళ్ళేదాకా ఆగి, "ఆ నంబరు గొడవ అక్కడ ఎత్తకు" అన్నాడు.

"అడిగితే?"

"నా క్లియరెన్స్ కూడా ఈ చలికాలంలో మళ్ళీ చూస్తారు తమ్సిన్. ఇంట్లో అబద్ధాలాడతాడని నీ నోటితో వెళ్తే బాగుంటుందా? మనింట్లో అంతా సవ్యంగా ఉందని చెప్పు."

"అబద్ధం చెప్పమంటావా? అక్కడ?"

"అబద్ధమెందుకు, క్లుప్తంగా చెప్పు" అన్నాడు. తర్వాత నా కోటు తెచ్చి నాకు తొడిగాడు. పెళ్ళైన కొత్తలో తొడిగేవాడు అలా.

కొండ మలుపులు దాటుతూ కారు నడుపుతున్నంతసేపూ అదే ఆలోచన. నోరు మూసుకుంటే అబద్ధమవుతుంది. అక్కడ తాగుడు క్షమిస్తారు, పాత ప్రేమలు క్షమిస్తారు, అబద్ధం మాత్రం క్షమించరు. నోరు తెరిస్తే, ఇల్లు సరిగా లేని మనిషి, ఈవిడ వద్దు అనొచ్చు. ఎటు చూసినా పోయేది నా ఉద్యోగమే. ఇంతలో ఇంకో ఊహ వచ్చింది. నేను ఒక్క మాట అంటే చాలు, ఆ నీలం తాడు అతని మెడలోంచి కూడా జారిపోవచ్చు. ఒక ఏడాది ఇంట్లో కూర్చుంటాడు. పళ్ళ డాక్టరు అతనికి ఫోన్ చేస్తాడు. వాళ్ళమ్మ మోకాలు అతని వాటాకొస్తుంది. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందంటే, లెడ్‌బరీ మలుపు దాటి ముందుకెళ్ళిపోయి వెనక్కి తిరిగి రావలసొచ్చింది.

ప్రశ్నలడగడానికి వెరిటీ ఆఫీసుకి వచ్చినావిడ పేరు పెట్టిఫర్. అరవై దాటి ఉంటాయి, పోలీసుల్లో పనిచేసి రిటైరైందట. ఊలు కోటు వేసుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకుని నాకూ పోసింది. మొదలుపెట్టింది. చిన్నప్పుడు మా నాన్న ఎలాంటివాడు, అమ్మ ఎందుకు వదిలేసి వెళ్ళింది, డంకన్‌కి ముందు ఎవరున్నారు, ఎంత తాగుతాను, దేనికి ఏడుస్తాను, దేనికి భయపడతాను. మధ్యలో ఆపదు, తను మాట్లాడదు, వింటుంది, రాసుకుంటుంది. భోజనం వేళ దాటిపోయింది. ఇది పరీక్షని తెలుసు, ఇందులో తప్పితే అన్నీ పోతాయని తెలుసు. అయినా చెప్తూనే పోయాను. ఒక మనిషి నన్ను ఇన్ని ప్రశ్నలడిగి, జవాబు చివరిదాకా విని ఎన్నేళ్ళైందో! పదిహేనేళ్ళ కాపురంలో డంకన్ అడిగినవన్నీ కలిపినా ఇందులో సగం ఉండవు.

చివరికి పెట్టిఫర్ పెన్ను పక్కన పెట్టి కళ్ళజోడు తుడుచుకుంది. "తమ్సిన్ గారూ, ఎవరైనా మిమ్మల్ని లొంగదీసుకోవాలనుకుంటే దేన్ని పట్టుకుంటారు?" అంది.

బయట ఎవరిదో ట్రాక్టరు పోతోంది. టీ కప్పు కింద పెట్టాను.

"నా భర్త ఇవాళ పొద్దున్న ఒక విషయం ఇక్కడ చెప్పొద్దన్నాడు" అన్నాను. "దాన్నే పట్టుకుంటారు."

చెప్పాను. బెర్నార్డ్ గురించి, ఫోన్లు తీసేశారన్న మాట గురించి, అంబులెన్స్ గురించి, నా భుజం మీద కార్చిన కన్నీళ్ళ గురించి. కోటు తొడిగిన సంగతి కూడా చెప్పాను. ఆవిడ పెన్ను మళ్ళీ కదిలింది. అయ్యాక తల పైకెత్తింది.

"ఇది చెప్తే ఆయనకి ఇబ్బంది కావొచ్చని మీకు తెలుసు."

"తెలుసండీ."

"అందుకోసమే చెప్తున్నారా?"

కాదు అనడం ఎంత తేలికో. సత్యం కోసమండీ, పిల్లాడి కోసమండీ. నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళు నన్ను వదల్లేదు. ఇన్నాళ్ళూ ఉతికిన బట్టలమధ్య, నిమ్మకాయ కేకులమధ్య నేను దాచుకున్నదంటూ ఒకటే ఉంది. అది దాచి మిగతాదంతా చెప్తే, డంకన్ చెప్పమన్నట్టు క్లుప్తంగా చెప్పినట్టే అవుతుంది.

"కొంత అందుకోసమే" అన్నాను. "నాకు ఆయనంటే కుళ్ళండీ. ఆయన పాసంటే, ఆయన కుర్చీ అంటే, ఆయన్ని ఎవరూ పిలవని ఆ మధ్యాహ్నాలంటే కుళ్ళు. ఆయనది పోవాలని దారిలో అనుకున్నాను కూడా. కానీ ఆయనది పోతే నాకు రాదు కదా. నాది నాకు కావాలి. అందుకే వచ్చాను. ఇదీ రాసుకోండి."

రాసుకుంది. తొందరేమీ పడలేదు. తర్వాత, "ఇవన్నీ మీరు నాకు చెప్పారని మీ భర్తకి తెలుస్తుందా?" అని అడిగింది.

"ఇవాళే తెలుస్తుంది. ఇంటికెళ్ళగానే నేనే చెప్తాను" అన్నాను. "ఆయనకి చెప్పేశాక, నన్ను పట్టుకోవడానికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు."